జంషెడ్‌పూర్ పటంపై అభ్యంతరం వినేది ఎవరు?

జంషెడ్‌పూర్ నగర భూమిలో అధిక భాగం జార్ఖండ్ ప్రభుత్వం టాటా స్టీల్ సంస్థకు ఇచ్చిన లీజు కింద ఉంది. 2005 ఆగస్టులో పునరుద్ధరించిన ఆ లీజు 1996 జనవరి 1 నుంచి ముప్పై ఏళ్లపాటు అమలులో ఉండేలా కుదిరింది. గడువు తేదీ 2025 డిసెంబరు 31. లీజు పునరుద్ధరణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అద్దె ఎంత, బకాయిలు ఎన్ని, ఎన్ని ఎకరాలు అనే లెక్కలే ప్రధానంగా చర్చకు వస్తాయి. అవి ముఖ్యమైన లెక్కలే. అయితే నగరవాసి దైనందిన జీవితాన్ని మరింత నేరుగా తాకే ప్రశ్న ఒకటి వాటి వెనుక నిలిచిపోతోంది. ఏ నేలపై ఇల్లు ఉండాలి, ఏ వీధి వాణిజ్యానికి తెరుచుకోవాలి, ఏ మైదానం మైదానంగానే మిగలాలి, ఏ బస్తీ ఉన్నచోట ఉండవచ్చు అన్న నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? వాటిపై సామాన్యుడు అభ్యంతరం చెప్పదలిస్తే ఎక్కడ చెప్పాలి?

ఇతర నగరాల్లో ఈ ప్రశ్నకు మాస్టర్ ప్లాన్ రూపంలో ఒక సమాధానం ఉంది. ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలు కోరుతారు, విచారణ జరుపుతారు, తుది పటాన్ని గెజిట్‌లో ప్రచురిస్తారు. ఆ విధానంలో లోపాలు ఎన్ని ఉన్నా, ఎన్నికైన స్థానిక పాలకమండలి ఒకటి దాని వెనుక ఉంటుందన్నది మన చట్టాల భావన. దేశంలో ప్రణాళికాబద్ధంగా వెలసిన తొలి పారిశ్రామిక నగరాల్లో ఒకటైన జంషెడ్‌పూర్‌లో ఆ పాలకమండలే లేదు. నగర ప్రణాళిక చరిత్రలో ఇంత ప్రసిద్ధి పొందిన ఊరిలో ప్రజల అభ్యంతరానికి ఇంత సన్నని దారి ఉండటమే నేడు పరిశీలించవలసిన విషయం.

ముసాయిదా నుంచి గెజిట్ వరకు

భూవినియోగ మార్పు సాగే క్రమం రాష్ట్రానికీ రాష్ట్రానికీ కొంత మారినా, ప్రధాన దశలు దాదాపు ఒకటే. మొదట ప్రస్తుతం ఏ భూమి దేనికి ఉపయోగపడుతున్నదో సర్వే చేస్తారు. జనాభా అంచనాలు, రహదారులు, నీటి వనరులు, పరిశ్రమల అవసరాలు లెక్కించి ముసాయిదా పటాన్ని రూపొందిస్తారు. పటంలో నివాస ప్రాంతానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఉద్యానాలకు ఆకుపచ్చ రంగులు వాడటం మన దేశంలో ఆనవాయితీ. తరువాత ఆ పటాన్ని కార్యాలయాల్లో ప్రదర్శనకు ఉంచి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, నిర్ణీత గడువులోగా అభ్యంతరాలు, సూచనలు కోరుతారు. వచ్చిన వాటిని ఒక సంఘం విచారించి నివేదిక ఇస్తుంది. స్థానిక సంస్థ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం పూర్తయ్యాక తుది ప్రణాళిక గెజిట్‌లోకి ఎక్కుతుంది.

కాగితంపై ఇది సక్రమమైన విధానమే. ఆచరణలో పౌరుడు తడబడే చోట్లు మూడు కనిపిస్తాయి. మొదటిది పటం. రంగుల పటంలో తన ఇల్లు, తన పొలం ఎక్కడున్నదో సర్వే నంబర్లతో పోల్చుకోగలిగితే తప్ప సామాన్యుడు అభ్యంతరం రాయలేడు. రెండవది భాష. ఆంగ్లంలోనో ఒకే ఒక అధికార భాషలోనో వెలువడిన ప్రకటన బహుభాషా నగరంలో చాలా ఇళ్లకు చేరదు. మూడవది సమాధానం. అభ్యంతరాన్ని స్వీకరించినట్లు రసీదు ఇస్తారు గాని, దానిని ఎందుకు అంగీకరించారో, ఎందుకు తోసిపుచ్చారో రాతపూర్వకంగా తెలిపే సందర్భాలు తక్కువ. 2021 జూన్‌లో ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2041 ముసాయిదా వెలువడినప్పుడు దాదాపు 33 వేల అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి. అవకాశం ఉన్నచోట ప్రజలు దానిని వినియోగించుకుంటారనడానికి ఇది నిదర్శనం. అన్ని వేల మాటలను విని, తూచి, బదులు చెప్పే యంత్రాంగం ఉండాలన్నది దాని మరో పాఠం.

మాస్టర్ ప్లాన్ ఖరారయ్యాక కూడా కథ ముగియదు. విడి స్థలాలకు వినియోగ మార్పు కోరుతూ దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. నగర స్వరూపాన్ని నిశ్శబ్దంగా మార్చివేసేవి తరచుగా ఈ చిన్న మార్పులే. బెంగళూరులో ఉద్యానానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో చెల్లదని తేల్చింది. పార్కు ఆ ప్రాంతవాసులందరిదీ కనుక, దాని మార్పును ప్రశ్నించే హక్కు వారికి ఉందని కూడా ఆ తీర్పు గుర్తించింది. ప్రణాళికపై అభ్యంతరం చెప్పడం ప్రభుత్వం దయతో ఇచ్చే సౌకర్యం కాదని, పౌరుడికి న్యాయంగా దక్కిన స్థానమని అప్పటి నుంచి న్యాయస్థానాలు చెబుతూ వస్తున్నాయి.

నాలుగు ప్రణాళికల నగరం

సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం సమీపాన సాక్చీ గ్రామం వద్ద ఉక్కు కర్మాగారం వెలిసింది. 1912లో అక్కడ తొలి ఉక్కు ఉత్పత్తి జరిగింది. 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలిమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెన్నెడీ సంస్థ తొలి పట్టణ నమూనా ఇచ్చింది. ఆ తరువాత 1920ల్లో ఎఫ్.సి. టెంపుల్, 1930ల్లో మేజర్ స్టోక్స్, 1940ల్లో జర్మన్ వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బర్గర్ వరుసగా ప్రణాళికలు తయారుచేశారు. కోనిగ్స్‌బర్గరే అనంతరం భువనేశ్వర్ నగరానికి రూపకల్పన చేశారు.

ఈ నాలుగు ప్రణాళికలూ నిపుణుల కృషికి మంచి ఉదాహరణలు. వెడల్పైన వీధులు, చెట్ల వరుసలు, మైదానాలు, మురుగునీటి పారుదల ఈ నగరానికి అప్పటి నుంచీ దక్కిన సంపద. కాని ఆ నాలుగింటినీ కోరింది, ఆమోదించింది, అమలుచేసింది ఒకే సంస్థ. ఆ రోజుల్లో నగరమే కంపెనీ ఆస్తి కనుక అది సహజంగా తోచింది. ఇబ్బంది ఎక్కడంటే, నగరం పెరిగి లక్షల జనాభాకు చేరినా నిర్ణయ విధానంలో ఆ పాత ముద్ర చెరగలేదు.

1924లో జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ ఏర్పడింది. ఒక శతాబ్దం గడిచినా అది ఎన్నికైన పురపాలక సంఘంగా మారలేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారే దానిని నడుపుతారు. కట్టడాల అనుమతులు, ఆక్రమణల తొలగింపు దాని బాధ్యతలు. నీరు, విద్యుత్తు, రహదారులు, పారిశుధ్యం వంటి పౌర సేవలు లీజు ప్రాంతంలో టాటా స్టీల్ తన అనుబంధ సంస్థ ద్వారా అందిస్తోంది. 2004లో జుస్కో పేరుతో మొదలైన ఆ సంస్థ నేడు టాటా స్టీల్ యుటిలిటీస్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసెస్‌గా వ్యవహారంలో ఉంది. భూమి యజమాని ప్రభుత్వం, భూమిని పొందినది కంపెనీ, అనుమతి ఇచ్చేది నియమిత అధికారి. నివాసి ఓటుతో ఎన్నుకున్నవారు ఈ ముగ్గురి మధ్య ఎక్కడా కనిపించరు.

లీజు పత్రమే అసలు పటం

స్వాతంత్ర్యానంతరం బిహార్ భూసంస్కరణల చట్టం వల్ల జంషెడ్‌పూర్ భూమి ప్రభుత్వపరమైంది. 1985లో కుదిరిన లీజు 1956 నుంచి నలభై ఏళ్లకు వర్తించింది. 2005లో రెండవ లీజు వచ్చినప్పుడు విస్తీర్ణం దాదాపు 10,852 ఎకరాలకు తగ్గింది. 86 బస్తీలు ఉన్న దాదాపు 1,786 ఎకరాలను లీజు నుంచి మినహాయించడం అందుకు ముఖ్య కారణం.

ఈ ఒక్క గీత పర్యవసానాన్ని గమనించాలి. లీజు లోపలి వీధికి కంపెనీ సేవలు అందించాలన్న బాధ్యత ఒప్పందంలోనే ఉంది. గీతకు వెలుపల పడిన బస్తీ ప్రభుత్వ భూమిలో ఉన్న నివాసంగా మిగిలింది. బిర్సానగర్ మొదలుకొని అనేక బస్తీల్లో రెండు మూడు తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవారు యాజమాన్య హక్కు కోరుతూనే ఉన్నారు. ప్రతి శాసనసభ ఎన్నికలోనూ అది ప్రధాన వాగ్దానం అవుతోంది. ముఖ్యమంత్రిగా పనిచేసిన రఘువర్ దాస్ దీర్ఘకాలం ప్రాతినిధ్యం వహించిన జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గ రాజకీయాలకు ఈ బస్తీల సమస్యే కేంద్రబిందువు.

మరో నగరంలోనైతే ఇంతటి సరిహద్దు మార్పు మాస్టర్ ప్లాన్ సవరణగా ప్రజల ముందుకు రావలసి ఉండేది. ఇక్కడ అది ఇరుపక్షాల ఒప్పందంలో ఒక అనుబంధంగా వచ్చింది. ఒప్పందం స్వభావరీత్యా సంతకం చేసేవారి పత్రం. దాని ముసాయిదాను కార్యాలయ గోడపై అంటించి, అరవై రోజులు అభ్యంతరాలు కోరే ఆనవాయితీ లేదు. అందువల్ల జంషెడ్‌పూర్‌లో అతి పెద్ద భూవినియోగ నిర్ణయం ప్రజా సమీక్ష పరిధిలోకే రాకుండా పోతుంది. మిగిలిన చిన్న నిర్ణయాలకు సమీక్ష ఉన్నా, పెద్ద గీత అప్పటికే గీసి ఉంటుంది.

ఆవలి ఒడ్డున వేరే నియమం

నగరం నదుల వద్ద ఆగిపోలేదు. 2011 జనగణన ప్రకారం జంషెడ్‌పూర్ నగర సముదాయ జనాభా 13 లక్షలకు పైమాటే. అందులో సుమారు సగం మంది నోటిఫైడ్ ఏరియాకు వెలుపల నివసిస్తున్నారు. సువర్ణరేఖకు ఆవల మాన్‌గో, ఖర్కాయ్‌కి ఆవల ఆదిత్యపూర్ పురపాలక నగరాలుగా ఉన్నాయి. జుగ్సలాయ్‌కి వేరే పురపాలక వ్యవస్థ ఉంది. బాగ్‌బేడా, పర్సూడీహ్ వంటివి చూపుకు నగరమే అయినా పాలనకు పంచాయతీలు. ఆదిత్యపూర్ అయితే జిల్లాయే వేరు, అది సరాయికేలా-ఖర్సావాన్‌లోకి వస్తుంది.

ఒక ఒడ్డున నివాసాలపై ఆంక్ష పెరిగితే ఆ ఒత్తిడి ఆవలి ఒడ్డుకు చేరుతుంది. కంపెనీ క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు ఉన్న కార్మికుడు పదవీ విరమణ తరువాత దానిని ఖాళీ చేయాలి. కొనుక్కోవడానికి లీజు ప్రాంతంలో స్వేచ్ఛగా భూమి దొరకదు. దానితో అతడు మాన్‌గోకో, ఆదిత్యపూర్‌కో, ఏదో ఒక బస్తీకో తరలుతాడు. మాన్‌గో నుంచి ఉత్తరంగా పోతే దల్మా వన్యప్రాణి అభయారణ్యం. దాని చుట్టూ ఉన్న ప్రాంతాన్ని కేంద్రం 2012 మార్చిలో పర్యావరణ సున్నిత మండలంగా ప్రకటించింది. ఏనుగుల రాకపోకలకు ఆ కొండపాదాలు ఎంత అవసరమో, నగరంలో చోటు దొరకని కుటుంబాలకు ఇంటి స్థలమూ అంతే అవసరం. ఈ రెండు అవసరాలను ఒకే బల్లపై పెట్టి తూచే వేదిక లేదు.

అటువంటి వేదికను రాజ్యాంగం ఊహించింది. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్రణాళికా సంఘం ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు ఎన్నికైన స్థానిక ప్రతినిధుల నుంచి రావాలని 243-జడ్ఈ అధికరణం చెబుతుంది. నగర ప్రణాళిక, భూవినియోగ నియంత్రణ, కట్టడాల నియంత్రణ పన్నెండవ షెడ్యూలులో మొదటి రెండు అంశాలు. కాని ఆ సంఘానికి ప్రతినిధులను పంపవలసిన నగర హృదయంలోనే ఎన్నికైన వారు లేరు.

ఆదివాసీ నేల, షెడ్యూల్డ్ ప్రాంతం

తూర్పు సింగ్‌భూమ్ జిల్లా యావత్తూ రాజ్యాంగ ఐదవ షెడ్యూలు పరిధిలోని ప్రాంతం. పురపాలక సంఘాలకు సంబంధించిన తొమ్మిది-ఏ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు తనంతట తాను వర్తించదని 243-జడ్‌సీ అధికరణం స్పష్టం చేస్తుంది. దానిని విస్తరింపజేసే అధికారం పార్లమెంటుది. గ్రామాలకు 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాలకు అటువంటి చట్టం కోసం 2001లో బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. ఫలితంగా పల్లెలో ఉన్న ఆదివాసీకి గ్రామసభ గొంతు ఉంది. అదే పల్లె నగరంలో కలిసిపోయిన మరునాడు ఆ గొంతు ఎక్కడ వినిపించాలో చట్టంలో చోటు లేదు.

జార్ఖండ్‌లో భూవినియోగ మార్పు ఎంత సున్నితమైనదో 2016-17 సంఘటనలు చూపాయి. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఆదివాసీ భూముల బదిలీపై ఆంక్షలు విధిస్తుంది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు వినియోగించుకునే వీలు కల్పిస్తూ ఆ చట్టానికి తెచ్చిన సవరణను 2016 నవంబరులో శాసనసభ ఆమోదించింది. రాష్ట్రమంతటా నిరసనలు పెల్లుబికాయి. అప్పటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము 2017లో ఆ బిల్లును పునఃపరిశీలనకు తిప్పి పంపారు. అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది. అభ్యంతరం వినే స్థానంలో ఉన్నవారు వింటే నిర్ణయం మారుతుందని ఈ ఉదంతం చెబుతోంది. అయితే అందుకు రాష్ట్రం మొత్తం కదలవలసి వచ్చింది, మాట రాజ్‌భవన్ వరకు వెళ్లవలసి వచ్చింది. ఒక బస్తీ సరిహద్దు విషయంలో అంత దూరం వెళ్లడం సామాన్యులకు సాధ్యం కాదు.

కామారెడ్డి, అమరావతి చెప్పినవి

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడ పోలికకు ఉపకరిస్తుంది. తెలంగాణలోని కామారెడ్డి పురపాలక సంఘం ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల గ్రామాల పంట పొలాలు పారిశ్రామిక మండలంలో చేరాయని రైతులు గుర్తించారు. అభ్యంతరాల గడువు నడుస్తుండగానే 2023 జనవరిలో ఆందోళన తీవ్రమైంది. ఒక రైతు ప్రాణాలు తీసుకోవడంతో కలెక్టరేట్ ముట్టడి వరకు వెళ్లింది. చివరికి జనవరి 20న పురపాలక సంఘం ఆ ముసాయిదాను రద్దుచేస్తూ తీర్మానించింది. కౌన్సిలర్ల ఇళ్ల ముందుకు వెళ్లి రాజీనామా చేయమని అడిగే అవకాశం రైతులకు ఉంది. ఐదేళ్లకోసారి ఓటు అడగవలసిన అవసరం కౌన్సిలర్లకు ఉంది. తీర్మానం వెనుక పనిచేసినది ఈ సంబంధమే. ఒక ప్రాణం పోయాక గాని ఆ సంబంధం కదలకపోవడం విషాదమే అయినా, కదలవలసినవారు ఎవరో అందరికీ తెలుసు.

అమరావతిలో మరో రకం అనుభవం ఎదురైంది. రాజధాని ప్రణాళికలో ఆర్-5 పేరుతో 900 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో కొత్త నివాస మండలాన్ని ప్రతిపాదిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 అక్టోబరులో ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు పక్షం రోజుల గడువు ఇచ్చింది. రాజధాని కోసం భూములిచ్చిన రైతులు పెద్దసంఖ్యలో అభ్యంతరాలు దాఖలు చేశారు. ఇళ్లు లేని పేదలకు స్థలం దక్కాలన్నది ప్రభుత్వ వాదన. 2023 మార్చిలో మండలం ఖరారైంది. అక్కడ ఇళ్ల నిర్మాణంపై అదే ఏడాది ఆగస్టులో హైకోర్టు స్టే ఇచ్చింది. అభ్యంతరాల ఘట్టం ముగిసినా అసమ్మతి ముగియలేదు, అది కోర్టు మెట్లెక్కింది. రెండు పక్షాల్లో ఎవరి వాదన సరైనదన్నది వేరే చర్చ. విచారణ నమ్మకం కలిగించనప్పుడు నగర పటం న్యాయస్థానంలో తేలవలసి వస్తుందన్నది ఇక్కడి పాఠం.

జంషెడ్‌పూర్ ఇప్పటికే ఆ దారిలో ఉంది. అనుమతికి మించి అంతస్తులు లేపడం, వాహనాలు నిలపవలసిన నేలమాళిగల్లో దుకాణాలు పెట్టడం వంటి ఉల్లంఘనలపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో జార్ఖండ్ హైకోర్టు న్యాయవాదుల కమిటీని నియమించి కట్టడాలను పరిశీలింపజేసింది. పార్కింగ్ స్థలం పరిశీలన వార్డు స్థాయిలో జరగవలసిన పని. అది హైకోర్టు చేయవలసి వచ్చిందంటే కింది మెట్లు ఎంత బలహీనంగా ఉన్నాయో అర్థమవుతుంది.

పారిశ్రామిక టౌన్‌షిప్ వాదం

ప్రతి నగరానికీ మున్సిపాలిటీ ఉండాలని చెప్పే 243-క్యూ అధికరణంలోనే ఒక మినహాయింపు ఉంది. పారిశ్రామిక సంస్థ పౌర సేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నర్ పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అప్పుడు మున్సిపాలిటీ అవసరం ఉండదు. 2023 డిసెంబరులో జార్ఖండ్ మంత్రివర్గం జంషెడ్‌పూర్‌ను ఈ మినహాయింపు కిందికి తేవాలని నిర్ణయించింది. ఎన్నికైన పురపాలక సంఘం కోసం 1988లోనే సుప్రీంకోర్టు వరకు వెళ్లిన పోరాటానికి ఇది కొత్త మలుపు. ఈ నిర్ణయాన్ని కూడా సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

టౌన్‌షిప్‌ను సమర్థించేవారి మాట తీసివేయదగినది కాదు. కంపెనీ ప్రాంతంలో నీటి సరఫరా, వీధుల శుభ్రత, విద్యుత్తు అనేక పురపాలక నగరాలకంటే మెరుగైనవని నగరవాసులు స్వయంగా చెబుతారు. ఎన్నికలు వస్తే పన్నులు పెరుగుతాయని, సేవలు తగ్గుతాయని, పక్కనే ఉన్న పురపాలక ప్రాంతాల చెత్తకుప్పలు ఇక్కడికీ వస్తాయని భయపడేవారు ఉన్నారు. ఆ భయానికి అనుభవం ఆధారం.

అయితే సేవ వేరు, నిర్ణయం వేరు. కుళాయిలో నీరు బాగా వస్తున్నదన్న సంతృప్తి, మైదానాన్ని వాణిజ్య సముదాయంగా మార్చే ప్రతిపాదనపై నివాసి మాట చెల్లుబాటుకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పారిశ్రామిక వాడలకు ఐలా పేరుతో ప్రత్యేక స్థానిక ప్రాధికార సంస్థలు ఉన్నాయి. కాని అక్కడ ప్రధానంగా ఉండేవి కర్మాగారాలు. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియాలో 2011 నాటికే ఆరు లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. వీరిలో కంపెనీతో ఉద్యోగ సంబంధం లేనివారు అనేకులు. ఫ్యాక్టరీ ఆవరణ కోసం ఉద్దేశించిన మినహాయింపును ఇంత పెద్ద నగరానికి తొడిగేటప్పుడు, కనీసం భూవినియోగ నిర్ణయాల వరకైనా ప్రజల మాటకు ప్రత్యేక ఏర్పాటు ఉండాలని కోరడం అతి కాదు.

తెలుగువారి వాటా

ఈ నగరంలో తెలుగువారి ఉనికి చాలా పాతది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన కార్మిక కుటుంబాలు కర్మాగారంతోపాటే ఇక్కడ స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ తరాల కృషికి నిలిచిన గుర్తు. కదమా, సోనారీ మొదలైన పేటల్లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. మొదటి తరం క్వార్టర్లలో ఉంది. తరువాతి తరాలు బస్తీలకు, ఆవలి ఒడ్డులకు విస్తరించాయి. కనుక లీజు గీత ఏ వైపు జరిగినా దాని ప్రభావం తెలుగు ఇళ్లపైనా పడుతుంది.

జార్ఖండ్ ప్రభుత్వం గుర్తించిన ద్వితీయ అధికార భాషల జాబితాలో సంతాలీ, హో, ముండారీ, బెంగాలీ, ఒడియా, ఉర్దూ సహా అనేక భాషలు ఉన్నాయి. తెలుగు లేదు. నగర ప్రణాళిక ప్రకటన హిందీలోనో ఆంగ్లంలోనో వెలువడితే ఇంటి యువతరం చదివి చెప్పగలదు. కాని ఇంటి పత్రాలు దాచుకున్నదీ, ఏ సంవత్సరంలో ఎవరి వద్ద స్థలం తీసుకున్నారో జ్ఞాపకం ఉన్నదీ పెద్దవారికి. అభ్యంతరానికి బలం ఇచ్చే సాక్ష్యం వారి వద్దే ఉంది. ఆదివాసీ పల్లెల పెద్దల విషయంలో ఇది మరింత నిజం.

సాధ్యమైన మెట్లు

న్యాయస్థానంలో టౌన్‌షిప్ వ్యవహారం ఎలా తేలినా, ఈలోగా చేయదగిన పనులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు.

మొదటిది, లీజు షరతుల ముసాయిదాను సంతకానికి ముందు ప్రజలకు తెలియపరచడం. ముఖ్యంగా ఏ భూమి లోపల, ఏది వెలుపల, మైదానాలు, ఉద్యానాలు, చెరువులు ఏ వినియోగానికి కట్టుబడి ఉంటాయన్న పటాన్ని మాస్టర్ ప్లాన్ ముసాయిదాతో సమానంగా ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించవచ్చు. ఇందుకు ప్రభుత్వ సంకల్పం చాలు.

రెండవది, విచారణను బస్తీల వద్దకు తీసుకెళ్లడం. సాక్చీలోని కార్యాలయంలో ఒక పటం వేలాడదీయడంకంటే, పేటల వారీ పటాలను సర్వే నంబర్లతో, ఆ పేటలో మాట్లాడే భాషల్లో ప్రదర్శిస్తే అభ్యంతరాల సంఖ్యే కాదు, నాణ్యత కూడా పెరుగుతుంది.

మూడవది, ప్రతి అభ్యంతరానికి కారణాలతో కూడిన రాతపూర్వక సమాధానం. ఎన్నికైన సభ లేనిచోట ఇది మరింత అవసరం. ఓటుతో ప్రశ్నించలేని అధికారిని ప్రశ్నించడానికి పౌరుడి చేతిలో మిగిలేది ఆ కాగితమే. అధికారి రాసిన కారణం సరికాదనిపిస్తే పై అధికారి వద్దకో, కోర్టుకో వెళ్లడానికి అదే ఆధారం.

నాలుగవది, జంషెడ్‌పూర్, మాన్‌గో, జుగ్సలాయ్, ఆదిత్యపూర్, చుట్టుపక్కల పంచాయతీలు కలిసి కూర్చునే ఉమ్మడి ప్రణాళికా వేదిక. నదికి ఇరువైపులా ఒకే నగరం ఉన్నప్పుడు దాని పటం రెండు ముక్కలుగా తయారైతే భారం ఎప్పుడూ బలహీనమైన ఒడ్డుపైనే పడుతుంది.

వందేళ్ల క్రితం ఈ నగరానికి పటం గీసినవారు రాబోయే కార్మికులకు గాలి, వెలుతురు, నీడ ఉండాలని ఆలోచించారు. ఆ దూరదృష్టి ఫలాలను నేటి తరం అనుభవిస్తోంది. రాబోయే ముప్పై ఏళ్లకు గీసే పటంలో నీడతోపాటు మాటకు కూడా చోటు కల్పించవలసి ఉంది. ఇంటి ముందు గీత మారబోతున్నదని ముందుగా తెలియడం, దానిపై తన మాట చెప్పగలగడం, చెప్పిన మాటకు జవాబు రావడం పౌరుడు ఆశించే కనీస మర్యాద. లీజు ఎవరి పేరిట ఉన్నా ఆ మర్యాద పాటించవలసిన బాధ్యత భూమికి యజమాని అయిన ప్రభుత్వానిదే.